కొనవలెనా, వద్దా? – ఒక వంతుల ఆట పూర్వకథ



దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా మనవడు ఒకనాటి సాయంత్రం నా పడకకుర్చీ పక్కన చేరి, "జేజినాయనా, నాకొక ఆట కొనిస్తావా?" అని అడిగాడు. ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్న 20 ఏళ్ళవాడు ఆట అడిగితే క్రికెట్టు బ్యాటు కాబోలుననుకున్నాను. కాదట. కంప్యూటరు తెర మీద ఆడే ఆటట. పేరు "క్లేర్ ఒబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33". ఫ్రాన్సు దేశంలోని మోంపెలియే నగరంలో శాండ్‌ఫాల్ అనే చిన్న సంస్థ తయారుచేసి 2025 ఏప్రిల్ 24న విడుదల చేసినదట. ఆటగాడు కథలోని పాత్రలను తన చేతిలోకి తీసుకుని నడిపించాలి. యుద్ధం వస్తే ఎవరి వంతు వచ్చినప్పుడు వారు దెబ్బ వేయాలి. వెల ఎంత అని అడిగాను. చెప్పాడు. సోనామసూరి బియ్యం బస్తా కళ్ళముందు మెదిలింది.

"వారం రోజులు గడువియ్యి నాయనా, ఆలోచించి చెబుతాను" అన్నాను.

"ఆటకు కూడా వారం ఆలోచన చేస్తావా?" అని వాడు నవ్వాడు. వాడికి తెలియదు. మా ఇంట ఆట మీద రూపాయి పెట్టడమంటే ఒక పాత గాయాన్ని కెలకడమే. ఆ వారమంతా నేను చేసినదేమిటంటే, నాకు చేతనైన పని: పాత పుస్తకాలు తీసి ఆటల పూర్వకథ వెదకడం. కొనవలెనా వద్దా అన్న నిర్ణయం ఆ దారినే వచ్చింది గనుక, ఆ దారినే మీకూ చెబుతాను.

ముందుగా గాయం సంగతి. మా చిన్నాయన ఒకరు మూడుముక్కలాటలో కాలువ కింద రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆనాటి నుండి మా నాయన ఇంటిలో పేకముక్కగాని, గవ్వగాని కనబడితే పొయ్యిలో వేసేవారు. "జూదం" అన్న మాట మా ఇంట బూతుమాట కన్నా హీనం. ఆ కట్టుబాటునే నేను నా ఇంటికీ, ఆ తరువాత నా తరగతి గదికీ మోసుకొని వెళ్ళాను.

మన వాఙ్మయంలో జూదాన్ని నిందించినవారు కొత్తవారేమీ కాదు. ఋగ్వేదం పదవ మండలంలో 34వ సూక్తం అంతా ఒక జూదరి ఏడుపే. ఆలిని పోగొట్టుకున్నవాడు, అప్పులవాళ్ళకు భయపడి చీకటిలో తిరిగేవాడు, పాచికలను మానలేక మళ్ళీ సభకు పోయేవాడు అందులో కనిపిస్తాడు. జూదం మాని పొలం దున్నుకొమ్మన్న హితవు కూడా ఆ సూక్తంలోనే ఉన్నది. మూడు వేల యేండ్ల నాటి ఆ మాట మా చిన్నాయనకు చెప్పినట్లే ఉంటుంది. ఆ కాలపు పాచికలు తాండ్రచెట్టు కాయలు. త్రిఫల చూర్ణంలో మనం వాడే తానికాయలే అవి.

ఇంతవరకు మా నాయన పక్షమే. కాని, అదే తాండ్రచెట్టు నలోపాఖ్యానంలో మళ్ళీ వస్తుంది. నన్నయగారు తెనిగించిన అరణ్యపర్వ భాగంలోని కథ ఇది. పుష్కరుని చేతిలో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా కుదురుతాడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడితే, దాని ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు చూసినంతనే చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూసుకుంటాడు. సరిపోతాయి. ఆ విద్య పేరు అక్షహృదయం. అది నేర్చిన వెంటనే కలి నలుని విడిచిపోతాడు. ఆ తరువాత నలుడు అదే పుష్కరునితో అదే ఆట ఆడి రాజ్యం తిరిగి గెలుచుకుంటాడు. ఈ పాఠం నేను ముప్ఫై యేండ్లకు పైగా పిల్లలకు చెప్పాను. చెప్పినన్నాళ్ళూ "జూదం చెడ్డది" అన్న నీతితోనే ముగించాను. నలుని చెరిచినదీ, బాగుచేసినదీ ఒకే ఆట అయినప్పుడు తేడా ఆటలో లేదని, దానిని ఎరిగి ఆడడంలోనూ ఎరుగక ఆడడంలోనూ ఉన్నదని ఒక్కనాడూ చెప్పలేదు. ఈ వారంలో తోచింది.

ఇక ఒడ్డు లేని ఆటలు. మా దువ్వూరు ప్రాంతంలో నా చిన్నతనాన అరుగు ఉన్న ప్రతి ఇంటి ముందూ ఏదో ఒక ఆట గీత ఉండేది. బారాకట్ట, దాడి, పులిజూదం. బారాకట్ట ఆడవారిది, దాడి పశువుల కాపరులది, పులిజూదం అందరిది. ఆశ్చర్యమేమిటంటే, పేరులో జూదం ఉన్న ఈ పులిజూదంలో పాచిక లేదు, గవ్వ లేదు, పందెం లేదు. అదృష్టానికి వీసమెత్తు చోటులేని ఆటకు మనవాళ్ళు జూదమని పేరుపెట్టారు!

పట్నాలలో పెరిగిన మిత్రుల కోసం ఆట పద్ధతి నాలుగు ముక్కలలో చెబుతాను. శిఖరం నుండి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు, మొత్తం 23 కూడళ్ళు. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. మేకలవాడు వంతుకొక మేకను దింపుతాడు. అన్నీ దిగేదాకా దించిన మేక కదలరాదు. పులి మాత్రం మొదటి నుండి కదులుతుంది, ఆవలి కూడలి ఖాళీగా ఉంటే మేక మీదుగా దూకి దానిని తినేస్తుంది. పులులకు కదలడానికి చోటు లేకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్లు. బలమంతా ఒకరి దగ్గర, సంఖ్యంతా మరొకరి దగ్గర. ఇద్దరి ఎత్తులు వేరు, ఆశలు వేరు, భయాలు వేరు. చదరంగంలో వలె ఇరుపక్షాలూ సమానం కావు. అందుకే ఒక ఆట కాగానే చేతులు మార్చుకునేవాళ్ళం. ఇంతసేపు పులివైనవాడివి ఇప్పుడు మేకవు కావాలి. మా మనవడు ఇంగ్లీషులో "రోల్" అన్నది ఇదే కదా! పాత్రను ధరించడం. ధరించి, విడిచి, ఎదుటివాడి పాత్రను ధరించడం.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక పిల్లవాడు తరగతి గది బండల మీద సుద్దతో పులిజూదం గీశాడు. గీత తీరుగా, కొలిచి గీసినట్లు ఉన్నది. నేను చూసినది గీతను కాదు, జూదాన్ని. వాడిచేతనే తడిగుడ్డతో అదంతా చెరిపించి, రెండు పీరియడ్లు బయట నిలబెట్టాను. వాడికి పద్యం నోటికి రాదు గాని, పదిహేను ఎత్తులు ముందుకు చూడగలడని తోటి పిల్లలు చెప్పుకోవడం తరువాత విన్నాను. ఆ యేడే వాడు బడి మాని గొర్రెల వెంట పోయాడు. నా శిక్ష వల్లనేనా, ఇంటి పరిస్థితి వల్లనా? నేను పోయి అడగలేదు.

మరొక ఆట వైకుంఠపాళి. పరమపదసోపానపటమని పెద్ద పేరు. ముక్కోటి ఏకాదశినాడు జాగరణకు మా ఇంట అనుమతి ఉన్న ఆట ఇదొక్కటే. భక్తి పేరు చెప్పి దూరింది గనుక మా నాయన కూడా ఏమీ అనేవారు కారు. ఇందులో ఆడేవాడు రాజూ కాడు, సేనాపతీ కాడు, జీవుడు. నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు. వైకుంఠం గుమ్మం దాకా వెళ్ళినవాడు పెద్దపాము నోటపడి మొదటికి జారిపోతే ఇల్లంతా గొల్లుమనేది. పాత్ర ధరించి, వంతు ప్రకారం ప్రయాణం చేస్తూ, కష్టసుఖాలు పొందుతూ పైకెక్కే ఆట మన దేవుని గదిలోనే ఉన్నదన్నమాట. పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ఆట ఇంగ్లాండు చేరి, క్రమంగా పేర్లూ నీతీ రాలిపోయి ఉత్త పాములూ నిచ్చెనలూ మిగిలింది. మన పచ్చీసు కూడా అలాగే వెళ్ళి, 1896లో లూడో అన్న పేరుతో అక్కడ పేటెంటు పొందింది.

అయితే వైకుంఠపాళిలో ఒక లోపం ఉన్నది. వంతు ఉన్నది గాని ఆలోచన లేదు. గవ్వ ఎటు పంపితే అటే. పులిజూదంలో ఆలోచన ఉన్నది గాని కథ లేదు. ఈ రెండూ ఎప్పుడు కలిశాయన్నదే నా మనవడి ఆట పూర్వకథ. దాని మూలం మళ్ళీ మన దేశంలోనే ఉన్నది.

ఏడవ శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో చతురంగాన్ని పేర్కొన్నాడు. రథ గజ తురగ పదాతులు నాలుగూ బల్ల మీదికి వచ్చిన ఆట. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో రాజుల వినోదాలను లెక్కిస్తూ చదరంగానికీ పాచికలకూ చోటిచ్చాడు. అంతకు ముందే, 1030 ప్రాంతంలో, అల్‌బిరూనీ మన దేశంలో నలుగురు కూర్చుని పాచికలు వేసి ఆడే చదరంగాన్ని చూసి వర్ణించాడు. ఎత్తూ, అదృష్టమూ రెండూ కలిసిన యుద్ధమది. చదరంగం పారశీకం మీదుగా ఐరోపా చేరినది. ప్రష్యా దేశంలో 1824లో రైస్విట్జ్ అనే సైనికాధికారి దానిని చతురస్రపు గళ్ళ నుండి విడిపించి నిజమైన పటం మీదికి తెచ్చాడు. దాని పేరు క్రీగ్‌స్పీల్, అనగా యుద్ధక్రీడ. ఒక్కొక్క వంతు రెండు నిముషాల యుద్ధకాలానికి సమానం. ఫలితం పాచిక చెబుతుంది, దానిని వివరించి తీర్పు చెప్పడానికి ఒక మధ్యవర్తి ఉంటాడు. సైనికులకు శిక్షణగా పుట్టిన ఈ ఆట క్రమంగా ఇళ్ళలోకి వచ్చి, బొమ్మ సిపాయిలతో ఆడే వేడుకగా మారింది.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో తన మిత్రులతో ఇటువంటి యుద్ధక్రీడ ఆడిస్తూ, ఒక్కొక్కరికి ఒక సైన్యాన్ని కాక ఒక్క మనిషిని అప్పగించాడు. ఆ మనిషికి పేరున్నది, బలమున్నది, బలహీనత ఉన్నది, దెబ్బతింటే చావున్నది. ఆయనా గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ప్రచురించారు. మధ్యవర్తి కాస్తా కథకుడైనాడు. మన హరికథలో భాగవతారు పాత్రలన్నీ తానే ధరిస్తాడు. ఇక్కడ కథకుడు కథ నడుపుతుంటే శ్రోతలే పాత్రలు ధరిస్తారు. అంతే తేడా!

ఆ మధ్యవర్తి పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1981లో అమెరికాలో విజార్డ్రీ, అల్టిమా అన్న ఆటలు వచ్చాయి. వాటిని ఇష్టపడిన జపాను రచయిత యూజీ హోరీ, 1986 మే 27న డ్రాగన్ క్వెస్ట్ తెచ్చాడు. పాచికలు, పట్టికలు, లెక్కలు యంత్రం కడుపులో దాగిపోయాయి. ఆటగాడికి మిగిలినవి నాలుగు మాటలు: పోరాడు, మంత్రం వెయ్యి, వస్తువు వాడు, పారిపో. ఆ ఆట మొత్తం 64 కిలోబైట్లు! మనం కంప్యూటరులో తెలుగు రాసుకోవడం మొదలుపెట్టిన రోజులలో బైట్లు లెక్కపెట్టుకున్నవాళ్ళమే గదా. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అంటే 64 కిలోబైట్లలో ఇరవై రెండు వేల తెలుగు సంకేతాలైనా పట్టవు. ఇంచుమించు ఈ వ్యాసం పట్టేంత చోటులో వాళ్ళు ఒక రాజ్యాన్ని, ఒక రాకుమారిని, ఆమెను చెరబట్టిన మృగాన్ని, చివరికి ఒక దుష్టప్రభువును కూడా కూర్చారు. మరుసటి యేడు డిసెంబరు 18న ఫైనల్ ఫాంటసీ వచ్చింది.

ఉపాధ్యాయునిగా ఒక సంగతి దాచలేను. 1988 ఫిబ్రవరి 10న, బుధవారంనాడు, డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగం విడుదలైతే జపానులో పిల్లలు బడులు ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరారు. పోలీసులు పట్టుకొని మందలించవలసి వచ్చింది. తరువాతి భాగాలు సెలవురోజులలో విడుదల చేసేటట్లు సంస్థవారు జాగ్రత్తపడ్డారు. ఇది చదివి మా నాయన మాట మళ్ళీ గుర్తుకు వచ్చిన మాట నిజం.

"మరి కొత్త ఆటలన్నీ మీటలు టకటక నొక్కే పరుగులే గదా, ఈ వంతుల ఆట నీకెందుకు నచ్చింది?" అని మనవడిని మధ్యలో ఒకనాడు అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "అందులో ఎవురూ తోయరు జేజినాయనా. నా వంతు వచ్చినప్పుడు నేను ఎంతసేపన్నా ఆలోచించుకోవచ్చు. అంతవరకూ ఆ రాక్షసుడు కూడా నిలబడే ఉంటాడు" అన్నాడు.

ఆ మాట నన్ను కాలువ గట్టుకు తీసుకుపోయింది. మా దువ్వూరు కె.సి. కెనాల్ నీటితో బతికే ఊరు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుండి కడప దాకా ఆ కాలువను 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు తవ్వనారంభించారు. పంటకూ పడవలకూ కలిపి తవ్విన ఆ కాలువ లాభం తేలేక, కంపెనీ దెబ్బతిని, 1882లో ప్రభుత్వమే కొన్నది. లెక్కల పుస్తకం ప్రకారం అది చెడ్డ బేరం. మా వరిమళ్ళ ప్రకారం అంతకు మించిన బేరం లేదు. ఆ కాలువ కింద నీళ్ళు తక్కువైన యేడు వంతుల మీద పారించుకోవాలి. చిన్నప్పుడు రాత్రివంతుకు మా నాయన వెంట లాంతరు పట్టుకొని పోయేవాడిని. మన వంతు వచ్చేదాకా గట్టు మీద కూర్చోవాలి. పక్క చేనివాడి మడవ జోలికి పోరాదు. పోతే తలలు పగులుతాయి. వంతు తప్పిన నాడు బలం గెలుస్తుంది, వంతు నిలిచిన నాడు పేదవాడి చేనూ తడుస్తుంది. వంతు అనేది ఆటకు సంబంధించిన చిన్న నియమమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మనుషులు కొట్టుకోకుండా ఉండడానికి కనిపెట్టిన ఉపాయాలలో అది చాలా పాతదని ఇప్పుడు తోస్తున్నది. పులిజూదంలో పులి ఎంత ఆకలిగా ఉన్నా, మేక దిగేదాకా ఆగవలసిందే.

మనవడు చెప్పిన "తోయని" గుణాన్ని ఆటలవాళ్ళే ఒక దశలో లోపమనుకున్నారు. 1991లో ఫైనల్ ఫాంటసీ నాలుగవ భాగంలో, మనం ఎత్తు ఆలోచిస్తుండగానే కాలం పరుగెత్తే పద్ధతి తెచ్చారు. 2023లో వచ్చిన పదహారవ భాగం నాటికి వంతు పూర్తిగా పోయింది. వంతుల ఆటలకు కాలం చెల్లినదని చాలామంది అనుకుంటున్న ఆ సంవత్సరమే, బెల్జియం దేశపు లారియన్ సంస్థవారి బాల్డర్స్ గేట్ మూడవ భాగం వంతులతోనే వచ్చి, ఆ యేటి ఉత్తమ క్రీడగా నిలిచింది. 2025లో ఆ గౌరవం మా మనవడు అడిగిన ఫ్రెంచి ఆటకే దక్కింది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. నీ వంతులో ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కాని శత్రువు వంతులో నువ్వు కళ్ళు మూసుకోరాదు. అతడు కొట్టే క్షణాన్ని కనిపెట్టి తప్పుకోవాలి, లేదా తిప్పికొట్టాలి. రాత్రివంతు కాపలా కాసినవాడికి ఇది కొత్త కాదు. నీరు పక్కవాడిదైనా కన్ను గట్టు మీదనే ఉండాలి.

ఇక డబ్బు సంగతి. మా చిన్నాయన ఆడినదీ, ఇదీ ఒకటేనా? ఈ ప్రశ్న మన రాష్ట్రం నుండే సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి మీద పెట్టిన కేసు అది. 1967లో తీర్పు ఇస్తూ, రమ్మీలో ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యంతో కూడినదనీ, మూడుముక్కలాట వంటి ఉత్త అదృష్టపు ఆట కాదనీ కోర్టు అన్నది. చిన్నాయన ఆడిన ఆట పేరు అంత పెద్ద న్యాయస్థానం తీర్పులో ఎక్కడం చూసి ఒక నిట్టూర్పు విడిచాను. కాని నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఇల్లు మిగులుతుందా? ఫోనులలో రమ్మీ వచ్చాక మిగలదని తేలింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 1974 నాటి జూద చట్టాన్ని సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసినది. ఆ చట్టం గీచిన గీత నాకు నచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అని చూడలేదు. గెలుపు ఆశతో డబ్బు ఒడ్డుతున్నారా లేదా అని చూసింది. మా నాయనకు ఆ గీత తెలిసి ఉంటే గవ్వలు పొయ్యిలో పడేవి కావు.

ఆ గీతకు ఇవతలనే ఉన్నది మా వాడి ఆట. ఒక్కసారి వెల చెల్లించి కొనడమే. ఆ తరువాత లోపల ఒడ్డవలసిన పైసా లేదు, ఎదుట ఓడిపోయి ఏడ్చేవాడూ లేడు. పుస్తకం కొన్నట్లు. ఐరోపాలో దీనిని 18 ఏళ్ళు నిండినవారికే అన్నారు, హింస ఉన్నది గనుక. వాడికి 20. చదువు పాడవుతుందన్న భయం మాత్రం అలాగే ఉన్నది. దానికి మందు చట్టంలో లేదు. ఇంటిలోనే ఉండాలి.

ఇంతా ఆలోచించాక కూడా నేను ఊగిసలాడుతూనే ఉన్నాను. చివరికి నిర్ణయం చేయించినది ఆ ఆట కథ. అదేమిటో చెప్పమంటే మనవడు ఇలా చెప్పాడు. ఒక ఊరున్నది. దూరాన సముద్రం ఆవల ఒక పెద్ద రాతిస్తంభం. ఏటా ఒకసారి ఒక చిత్రకారిణి లేచి దాని మీద ఒక అంకె రాస్తుంది. ఆ వయసుకు చేరినవారందరూ ఆ క్షణాన పొగలా కరిగి పూరేకులై పోతారు. అంకె యేటేటా ఒకటి తగ్గుతుంది. ఇప్పుడు 33కు వచ్చింది. ఆమెను ఆపడానికి ఏటా ఒక దండు బయలుదేరుతుంది. ఏ దండూ తిరిగిరాలేదు. కాని, పోయిన దండ్లవారు తాము చూసినది, తెలుసుకున్నది దినచర్యలుగా రాసి దారిలో వదిలి పోతారు, వెనుక వచ్చేవారికి అక్కరకు వస్తాయని.

నేను చాలాసేపు మాట్లాడలేదు. అది తాతలు లేని ఊరు. అవ్వలు లేని ఊరు. అక్కడ పాఠం చెప్పే అయ్యవారికి 33 నిండవు. అరవై దాటిన నాలాంటివాడు ఆ ఊరిలో ఎప్పుడో పూరేకైపోయి ఉండేవాడు.

"ఆ కరిగిపోవడాన్ని ఏమంటారు?" అని అడిగాను.

"గొమ్మాజ్ అంటారు. ఫ్రెంచిలో చెరపడమని అర్థం" అన్నాడు.

చెరపడం. తరగతి గది బండల మీద తడిగుడ్డ పెట్టి చెరిపించినది గుర్తుకు వచ్చింది. ఆ గీత ఆ పిల్లవాడు సొంతంగా కనిపెట్టినది కాదు. వాడి తాత అరుగు మీద చూసి ఉంటాడు, ఆ తాత గుడి మంటపంలోనో గుట్ట బండ మీదనో చూసి ఉంటాడు. హంపీ శిథిలాలలో రాతి నేల మీద చెక్కిన ఆట గీతలు ఈనాటికీ ఉన్నాయి. ఎవరు చెక్కారో పేరు లేదు. ముందు వచ్చినవారు వెనుక వచ్చేవారికి వదిలిన దినచర్యలవి. వేయి యేండ్లు చేతులు మారుతూ వచ్చిన గీతను, పద్యాలు కాపాడడానికి జీతం తీసుకున్న నేను, నీతి పేరుతో ఒక నిముషంలో చెరిపించాను. చదువుకున్నవాడిని కనుక అది జూదం కాదని నాకు తెలియవలసినది.

ఏడవనాడు మనవడిని పిలిచి కొనిస్తానన్నాను. రెండు షరతులు పెట్టాను. ఒకటి, సెలవులలోనే ఆడాలి, ఆడేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పాలి. రెండు, వాడి ఆట ఒక పూట అయితే, నా దగ్గర పులిజూదం ఒక పూట నేర్చుకోవాలి. వాడికి ఆ ఆట రాదని అప్పుడే తెలిసింది. తప్పు వాడిది కాదు. నేర్పవలసినవాణ్ణి నేను, నేర్పలేదు.

ఫోనులో మీటలు నొక్కి వాడే డబ్బు కట్టాడు, నేను వేలిముద్ర వేశాను. అది దిగడానికి రాత్రంతా పడుతుందన్నాడు. అంతవరకు ఏం చేస్తామని వరండాలోకి పోయి, కడప బండ మీద సుద్దముక్కతో గీత గీశాను. చేయి వణికి ఒక గీత వంకరపోయింది. గులకరాళ్ళు మూడు, చింతగింజలు పదిహేను తెచ్చాం. వాడు పులులు తీసుకుంటానన్నాడు. ఆ వయసువారందరూ పులులే తీసుకుంటారు.

నాలుగో మేకను దింపబోయి నేను ఆగాను. ఎక్కడ పెట్టినా తినేటట్లున్నాడు. వాడు తొందరపెట్టలేదు. గోడకు చేరగిలబడి, "నిదానంగా చూసుకో జేజినాయనా, వంతు నీదే" అన్నాడు.